పారిస్ నుంచి ఉత్తరం

విదేశీ విలేఖరి అనగానే మన కళ్ళముందు ఒక బొమ్మ కడుతుంది. భుజాన కెమేరా, చేతిలో మైకు, వెనకాల పొగలు, పేలుళ్ళు. టీవీలు వచ్చాక ఆ బొమ్మ మరీ గట్టిపడిపోయింది. ఈ వారం మీకు పరిచయం చేస్తున్న ఆవిడ అలా పరుగులు తీసిన మనిషి కాదు. హోటలు గదిలో మంచం నిండా దినపత్రికలు పరుచుకుని, కత్తెర పక్కన పెట్టుకుని కూచున్న మనిషి. అలా కూచునే, మధ్యలో యుద్ధం తెచ్చిన అయిదేళ్ళ ఎడబాటు మినహా, యాభై ఏళ్ళపాటు ఒక దేశం గురించి ఇంకో దేశానికి ఉత్తరాలు రాసింది.

ఆవిడ పేరు జానెట్ ఫ్లానర్. 1892లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో పుట్టింది. ముగ్గురు అక్కచెల్లెళ్ళలో నడిమిది. తండ్రి అంత్యక్రియలు జరిపించే సంస్థలో భాగస్తుడు. మన దగ్గర అలాంటి వ్యాపారం ఒకటి ఉంటుందని ఊహించడమే కష్టం గానీ, అక్కడ అది మర్యాదస్తుల వృత్తే. 1912లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. ఆవిడ చికాగో యూనివర్సిటీలో చేరింది, డిగ్రీ పూర్తి చెయ్యలేదు. సొంత ఊరి పత్రికలో కొన్నాళ్ళు సినిమాల గురించి రాసింది. 1918లో పెళ్ళి చేసుకుని న్యూయార్కు వెళ్ళింది. ఆ కాపురం నిలవలేదు. అక్కడే సొలీటా సొలానో అనే పత్రికా రచయిత్రితో పరిచయమైంది. ఆ తోడు మాత్రం 1975లో సొలానో పోయేవరకూ ఏదో ఒక రూపంలో నిలిచింది. వాళ్ళిద్దరిదీ స్నేహానికి మించిన అనుబంధమని ఇప్పుడు జీవితచరిత్రలు దాపరికం లేకుండానే చెబుతున్నాయి.

1921లో సొలానోకి గ్రీసు, కాన్‌స్టాంటినోపుల్ వైపు తిరిగి వ్యాసాలు రాసే పని దొరికింది. ఇద్దరూ బయల్దేరారు. 1922లో పారిస్ చేరి అక్కడ ఆగిపోయారు.

ఎందుకు ఆగిపోయారంటే పుస్తకాల్లో స్వేచ్ఛ, కళ, సౌందర్యం అని పెద్ద పెద్ద మాటలు కనిపిస్తాయి. అవీ నిజమే కావచ్చు. ఇల్లు నడిపే మనకి మాత్రం ఇంకో కారణం వెంటనే తడుతుంది. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు ఒక డాలరుకి అయిదు ఫ్రాంకుల పైచిల్లర వచ్చేవి. 1926 వేసవి నాటికి అదే డాలరుకి నలభై దాటి వచ్చాయి. ఫ్రెంచి ఇల్లాలి సంచీలో కూరగాయలు తగ్గిపోతుంటే, డాలర్లున్న వాళ్ళకి పారిస్ కారుచౌక అయింది. అమెరికా రచయితలంతా ఆ ఊరికి ఎందుకు చేరారన్న దానికి సగం జవాబు ఈ లెక్కలోనే ఉంది. పైగా అమెరికాలో అప్పుడు మద్యనిషేధం. మిగతా సగం అదనుకోండి!

సరే, ఉద్యోగం ఎలా వచ్చిందో చూడండి. దరఖాస్తు పెట్టలేదు, ఇంటర్వ్యూ లేదు. న్యూయార్కులో ఉన్న స్నేహితురాలు జేన్ గ్రాంట్‌కి తోచినప్పుడల్లా పారిస్ కబుర్లు రాసేది. ఈ జేన్ గ్రాంట్ కూడా తక్కువ మనిషి కాదు. పెళ్ళయినా ఆడవాళ్ళు తమ ఇంటిపేరు తామే ఉంచుకోవాలని 1921లో సంఘం పెట్టినవాళ్ళలో ఒకరు. ఆవిడ భర్త హెరాల్డ్ రాస్ 1925 ఫిబ్రవరిలో 'న్యూయార్కర్' అనే వారపత్రిక మొదలుపెట్టాడు. ఈ ఉత్తరాలు బాగున్నాయి, ఇలాంటివే పత్రికకి రాయించవచ్చు కదా అనిపించింది వాళ్ళకి. అలా 1925 అక్టోబరులో మొదటి 'పారిస్ ఉత్తరం' అచ్చయింది. రెండు వారాలకొకటి రాయాలి. చూసుకుంటే కింద సంతకం 'జెనే' అని ఉంది! జానెట్ అనే పేరుకి ఫ్రెంచి రూపం అలా ఉంటుందేమోనని రాస్‌గారే ఊహించి, ఆవిడని మాట మాత్రం అడక్కుండా పెట్టేశాడు. ఆ సంతకంలో ఆడో మగో తెలియదు. యాభై ఏళ్ళూ ఆ పేరే సాగింది.

ఆయన పెట్టిన షరతు ఒకటే. ఫ్రాన్సులో జరుగుతున్నదాని గురించి నువ్వేమనుకుంటున్నావో నాకు అక్కర్లేదు, ఫ్రెంచివాళ్ళు ఏమనుకుంటున్నారో రాయి అన్నాడు. దాంతో ఆవిడ ఉత్తరాల్లో 'నేను' అనే మాట దాదాపు కనిపించదు. మన తెలుగులో 'నేను' తీసేసినా క్రియ చివర 'ను' వచ్చి గుట్టు బయటపెడుతుంది గానీ, ఇంగ్లీషులో అలా దాక్కోవచ్చు.

ఇక్కడ ఒక చిక్కుంది. అప్పట్లో ఉత్తరం పారిస్ నుంచి న్యూయార్కు వెళ్ళాలంటే ఓడలోనే వెళ్ళాలి. సముద్రమ్మీదే వారం దాకా పడుతుంది. అట్లాంటిక్ దాటే విమానం టపా 1939లో గానీ మొదలు కాలేదు. మంత్రివర్గం పడిపోయిందనో, ఎవరో హత్యకి గురయ్యారనో వార్త తంతి ద్వారా ఆ రాత్రికే అమెరికా చేరిపోతుంది. ఈవిడ ఉత్తరం అచ్చయ్యేసరికి అది పాచిపోయిన వార్త. మరి పాచిపోనిది ఏం రాయాలి?

దానికి ఆవిడ కనుక్కున్న ఉపాయం చదవడం. రోజుకి ఎనిమిది దాకా ఫ్రెంచి దినపత్రికలు చదివేది. చదవడమంటే మనం కాఫీ తాగుతూ తిరగేసినట్టు కాదు. అక్కడ ఒక్కో పత్రికకీ ఒక్కో పక్షం ఉంటుంది, ఆ పక్షాన్ని దాచుకోదు కూడా. 'ఫిగారో' సంప్రదాయవాదులది. 'లుమానితె' కమ్యూనిస్టులది. 'ఆక్సియోన్ ఫ్రాన్సేజ్' రాజుగారి పాలన మళ్ళీ రావాలనే వాళ్ళది. ఒకే సభ గురించి ఒకటి జనం విరగబడి వచ్చారంటుంది, ఇంకొకటి కుర్చీలు ఖాళీ అంటుంది. నిజం ఎవరిదో తేల్చడం ఒక పని. అంతకన్నా ఆవిడకి పనికొచ్చింది, ఎవరు ఏ అబద్ధం చెప్పడానికి ఇష్టపడుతున్నారన్నది. ఫ్రెంచివాళ్ళు ఏమనుకుంటున్నారో తెలియాలంటే అది తెలియాలి మరి.

మీ ఇంటికి రెండు పేపర్లు వస్తుంటే ఒక్క వారం ఈ పని చేసి చూడండి. ఒకే వార్తని పక్కపక్కన పెట్టి చదవండి. కరెంటు చార్జీలు పెంచిన వార్త అయితే మరీ మంచిది. ఒకదాంట్లో 'స్వల్ప సవరణ' ఉంటుంది, రెండోదాంట్లో 'పిడుగు' ఉంటుంది. బిల్లు మాత్రం ఒకటే వస్తుంది.

రాజకీయాలతో పాటు చిన్న ప్రకటనలు, కోర్టు కేసులు, మరణవార్తలు, కూరగాయల ధరలు, ఏ నాటకానికి టిక్కెట్లు దొరకడం లేదు, ఏ దుకాణంలో ఈసారి టోపీల అంచు ఎంత కుదించారు, ఇవన్నీ ఆవిడ చూసేది. ఉత్తరంలో ప్రధానమంత్రి పక్కనే పందుల సంత ఉంటుంది. చనిపోయినవాళ్ళ గురించి రాయడంలో ఆవిడది అందె వేసిన చెయ్యి. 1927లో నర్తకి ఇసడోరా డంకన్ మెడలోని పొడవాటి శాలువా కారు చక్రానికి చుట్టుకుని పోయినప్పుడు రాసిన వ్యాసాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. మొదట్లో అంత బాగా రాసేది కాదు లెండి. 1925లో నల్లజాతి నర్తకి జోసెఫిన్ బేకర్ పారిస్ రంగస్థలాన్ని ఒక ఊపు ఊపినప్పుడు ముక్తసరిగా రెండు ముక్కలు రాసి ఊరుకుంది. ఎంత చప్పగా రాశానో అని చాలా ఏళ్ళ తరవాత తనే ఒప్పుకుని, 1972 పుస్తకంలో ఆ రాత్రిని మళ్ళీ పూర్తిగా వర్ణించింది.

ఇంగ్లీషు పుస్తకాలు కావాలంటే ఉన్న వీధికి కాస్త దూరంలోనే సిల్వియా బీచ్ నడిపే 'షేక్‌స్పియర్ అండ్ కంపెనీ' ఉండేది. అది పుస్తకాల షాపే గానీ ముఖ్యంగా అద్దె లైబ్రరీ. డిపాజిట్టు కట్టి, నెలకింత చందా ఇస్తే పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళవచ్చు. మన ఊళ్ళల్లో సందు చివర అద్దె నవలల షాపులుండేవి చూడండి, మధ్యాహ్నం పనయ్యాక చిన్నవాణ్ణి పంపించి సీరియల్ నవల తెప్పించుకునేవాళ్ళం, ఆ పద్ధతే. కాకపోతే అక్కడ చందాదార్లలో హెమింగ్‌వే లాంటివాళ్ళుండేవాళ్ళు. ఎవరూ అచ్చు వెయ్యడానికి ధైర్యం చెయ్యని జేమ్స్ జాయిస్ 'యులిసిస్' నవలని 1922లో ఈ సిల్వియా బీచే అచ్చువేసింది. ఆ వీధిలోనే ఎదురుగా ఆవిడ స్నేహితురాలు ఏడ్రియన్ మొన్నియే ఫ్రెంచి పుస్తకాల షాపు. మొన్నియే మంచి వంటగత్తె. ఆవిడ చేతి కోడికూర తిన్న రచయితలంతా దాన్ని తమ జ్ఞాపకాల్లో తలుచుకున్నవాళ్ళే.

జానెట్‌కి మాత్రం వంటిల్లే లేదు. బోనపార్ట్ వీధిలో చిన్న హోటల్లో నాలుగో అంతస్తు గది. యుద్ధం ముందు దాకా పదిహేనేళ్ళ పైన అక్కడే. తిండి చుట్టుపక్కల చిన్న భోజనశాలల్లో. తరవాత కూడా హోటళ్ళు మారింది తప్ప ఇల్లు పెట్టలేదు.

ఇది చదివి మీలో కొందరు 'ఇంకేం, పొయ్యి లేదు, పిల్లల్లేరు, ఎనిమిది పేపర్లేం ఖర్మ, పదహారైనా చదవచ్చు' అంటారని తెలుసు. న్యాయమైన మాటే. అందుకే ఇంకో ఆవిడ సంగతి కూడా చెప్పాలి. అదే పత్రికకి 'లండన్ ఉత్తరం' రాసిన మాలీ పాంటర్ డౌన్స్. ఆవిడది లండన్ కూడా కాదు, సర్రీలో పల్లెటూరు. భర్త, ఇద్దరు ఆడపిల్లలు. చెట్ల మధ్య ఒక చిన్న పాకలాంటి గదిలో కూచుని రాసుకునేది. 1939 సెప్టెంబరులో యుద్ధం ప్రకటించిన రోజుల్లో మొదలుపెట్టి, బాంబులు పడుతున్నా, రేషను క్యూలు పెరుగుతున్నా ఉత్తరం మానలేదు. ఇల్లాలికి గుడ్లు ఎన్ని దొరుకుతున్నాయి, ఇంట్లో పొయ్యికి బొగ్గు ఉందా, నిద్ర ఎన్ని గంటలు పడుతోంది అన్నది ఆవిడకి పక్కింటివాళ్ళని అడిగి తెలుసుకోవలసిన విషయం కాదు. 1984 దాకా రాసింది. ఆ రచనకి వంటిల్లు అడ్డం వచ్చిందా, ఆసరా అయిందా అంటే, నా ఓటు రెండోదానికే. అయితే ఉత్తరం రాసే రోజు ఆ ఇంట్లో అన్నం ఎవరు పెట్టారో ఎవరైనా రాసి ఉంటే బాగుండేది.

మళ్ళీ జానెట్ దగ్గరికొద్దాం. ఆవిడని మెచ్చుకుంటూనే ఒక మాట అనకుండా ఉండలేను. 'నేను' లేకుండా, కోపం లేకుండా, చల్లగా రాయడం అన్ని చోట్లా పనికొస్తుందా? 1936లో ఆవిడ హిట్లర్ మీద మూడు భాగాల వ్యాసం రాసింది. ఆయన మాంసం తినడు, మద్యం ముట్టడు, పొగ తాగడు, ఇంట్లో ఎలా ఉంటాడు, ఎప్పుడు నిద్రపోతాడు, అన్నీ వెటకారం కలిపి చక్కగా రాసింది. చదువుతుంటే సరదాగానే ఉంటుంది. అదే ఇబ్బంది. అప్పటికి జర్మనీలో యూదుల పౌరసత్వం తీసేసి నెలలు గడిచాయి. ఇరుగుపొరుగు కబుర్లలా చెప్పదగ్గ మనిషి కాడు ఆయన. టోపీల అంచు కొలిచిన స్కేలుతో అతన్ని కొలవబోతే కొలత అందలేదు. ఆవిడ తెలివితక్కువది కాదు. చూపు పదునైనదే. గొంతు అలవాటు పడిపోయింది, అంతే.

1939లో యుద్ధం వచ్చింది. ఆవిడ న్యూయార్కు వెళ్ళిపోయింది. 1940లో పారిస్ జర్మన్ల చేతికి చిక్కింది. సిల్వియా బీచ్ మాత్రం ఊరు వదల్లేదు. 1941లో ఒక జర్మన్ అధికారి వచ్చి కిటికీలో ఉన్న జాయిస్ పుస్తకం కావాలన్నాడు. ఉన్నదొక్కటే ప్రతి, అమ్మనంది. అయితే షాపు మొత్తం స్వాధీనం చేసుకుంటామన్నాడు. అతను మళ్ళీ వచ్చేలోపల స్నేహితులంతా కలిసి పుస్తకాలు, బీరువాలు, దీపాలతో సహా పై అంతస్తుకి మోసేసి, గుమ్మం మీది పేరు కూడా చెరిపేశారు. వచ్చి చూస్తే అక్కడ షాపే లేదు! తరవాత ఆవిణ్ణి నిర్బంధ శిబిరంలో కొన్ని నెలలు ఉంచారు.

1944 చివర జానెట్ తిరిగి పారిస్ వచ్చింది. యాభై రెండేళ్ళ మనిషి. పాత ఊరు కాదది. బొగ్గు లేదు, వెన్న లేదు. నాలుగేళ్ళుగా జనం పశువులకి వేసే దుంపలు తిని బతికారు. అప్పటి ఉత్తరాల్లో గొంతు మారింది.

వాటిలో ఒకటి చెబుతాను. 1945 ఏప్రిల్ 14. పారిస్‌లో లియోన్ స్టేషనుకి ఉదయం పదకొండింటికి ఒక రైలు వచ్చింది. జర్మనీలో ఆడవాళ్ళ కోసమే కట్టిన రావెన్స్‌బ్రూక్ శిబిరం నుంచి 300 మంది ఫ్రెంచి స్త్రీలు అందులో ఉన్నారు. బందీలుగా ఉన్న జర్మన్ స్త్రీలకి బదులుగా వీళ్ళని వదిలిపెట్టారు. దారిలోనే 11 మంది చనిపోయారు. ప్లాట్‌ఫారం మీద బంధువులు లైలాక్ పూలగుత్తులు పట్టుకుని నిలబడ్డారు. జనరల్ డిగాల్ వచ్చాడు, ఏడ్చాడు. జానెట్ అక్కడే ఉండి చూసి రాసింది. దిగినవాళ్ళ ముఖాలన్నీ ఒకేలా ఉన్నాయిట. కూతురెవరో తల్లి గుర్తుపట్టలేని పరిస్థితి. చేతికిచ్చిన పూలగుత్తిని పట్టుకునే శక్తి వాళ్ళ వేళ్ళకి లేదు. పూలు జారి కింద పడ్డాయి, కాళ్ళ కింద నలిగాయి. ఆ పూల వాసన, రోగం వాసన కలిసిపోయాయి. ఆ ఉత్తరంలోనూ 'నేను' లేదు. ఆక్రోశం లేదు. హిట్లర్ వ్యాసంలో ఏ పద్ధతి తేలిపోయిందో, అదే పద్ధతి ఇక్కడ గుండె పట్టేసినట్టు చేస్తుంది.

సరిగ్గా పదిహేను రోజులకి, ఏప్రిల్ 29న, ఫ్రాన్సులో ఆడవాళ్ళు జీవితంలో మొదటిసారి ఓటు వేశారు. మునిసిపల్ ఎన్నికలు. అంత పెద్ద విప్లవం జరిగిన దేశంలో ఆడవాళ్ళకి ఓటు రావడానికి 1944 దాకా పట్టింది! పాత మద్రాసు రాష్ట్రంలో, ఆస్తి ఉన్నవాళ్ళకి మాత్రమే అయినా, మన తెలుగు ఆడవాళ్ళకి ఆ హక్కు 1921లోనే వచ్చిందని గుర్తు చేసుకోండి.

యుద్ధం ఆగింది గానీ ఆకలి ఆగలేదు. 1947లో రొట్టె రేషను మనిషికి రోజుకి 200 గ్రాములకి దిగిపోయింది. జర్మన్ల పాలనలో కూడా అంత తక్కువ లేదని జనం తిట్టుకున్నారు. రొట్టెకి కార్డు పోయేసరికి 1949 వచ్చింది. ఫ్రెంచివాళ్ళకి రొట్టె అంటే మనకి అన్నం లాంటిది. దాన్ని తూచి ఇస్తుంటే ప్రభుత్వాలు ఎందుకు నిలవడం లేదో చెప్పడానికి పెద్ద రాజకీయ పండితులు అక్కర్లేదు. జానెట్ ఉత్తరాల్లో మంత్రుల పేర్ల పక్కన వెన్న ధర, బంగాళదుంపల ధర ఎప్పుడూ ఉండేవి. నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది అక్కడే.

1954లో రచయిత్రి కొలెట్ చనిపోయింది. జానెట్ ఆవిడ 'షెరి' నవలని 1929లోనే ఇంగ్లీషులోకి అనువదించింది. ప్రభుత్వం కొలెట్‌కి అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది. ఫ్రాన్సులో ఒక స్త్రీకి ఆ గౌరవం అదే మొదలు. విడాకులు తీసుకున్న మనిషి కాబట్టి చర్చి మాత్రం మతకర్మలు జరిపించడానికి ఒప్పుకోలేదు.

1975లో, ఎనభై మూడేళ్ళ వయసులో, ఆఖరి పారిస్ ఉత్తరం రాసి జానెట్ ఫ్లానర్ న్యూయార్కు వచ్చేసింది. 1978 నవంబరులో చనిపోయింది. యుద్ధం తరవాతి ఉత్తరాల సంపుటానికి 1966లో అమెరికా జాతీయ పుస్తక పురస్కారం వచ్చింది.

చదవాలనుకునేవాళ్ళకి ఒక సలహా. ముందు 'పారిస్ వాజ్ ఎస్టర్‌డే' తీసుకోండి, అది 1925 నుంచి 1939 దాకా రాసినవాటి ఎంపిక. ముందుమాట తప్పకుండా చదవండి, పుస్తకం మొత్తంలో 'నేను' అన్న మాట ధారాళంగా వినిపించేది అక్కడే. ఇంగ్లీషు కొంచెం చిక్కటిది, వాక్యాలు పొడుగు. వరసగా చదివితే విసుగొస్తుంది. ఫ్రెంచి మంత్రుల పేర్లు వచ్చినచోట నిర్మొహమాటంగా పేజీ తిప్పెయ్యండి. భోజనాలయ్యాక రోజుకొక ఉత్తరం చాలు. మాలీ పాంటర్ డౌన్స్ రాసిన 'వన్ ఫైన్ డే' మాత్రం ఉత్తరాలు కాదు, 1947లో వచ్చిన నవల. యుద్ధం అయిపోయాక, పనివాళ్ళు లేని పెద్ద ఇంట్లో ఒక ఇల్లాలికి గడిచిన ఒకే ఒక్క రోజు కథ. చిన్న పుస్తకం. అది దొరికితే ముందు అదే చదవండి, పారిస్ ఎక్కడికీ పోదు.